ఇచ్చట పంచర్లు వేయబడును

మొన్న శనివారం అత్తాపూర్‌లో, ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల కింద, నా స్కూటర్ వెనక టైరు చతికిలపడింది. కాస్త దూరం తోసుకుంటూ పోతే ఒక వేపచెట్టు, దాని కింద నాలుగు పాత టైర్లు, ఒక కంప్రెసర్, ఒక రేకు బోర్డు కనిపించాయి. బోర్డు మీద ఎర్ర పెయింటుతో గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది: "ఇచ్చట పంచర్లు వేయబడును".

నాకో పాడు అలవాటుంది. అనువాదాలు చేయడం, ప్రూఫులు దిద్దడం నా పని. పొద్దస్తమానం ఒకళ్ళ తప్పులు పట్టి డబ్బులు పుచ్చుకుంటాను. రోడ్డెక్కితే ఊరికే కూడా పడతాను. తప్పుల బోర్డు కనిపిస్తే ఫొటో తీసి మా కాలేజీ స్నేహితుల గ్రూపులో పడేయడం, అందరూ నవ్వే బొమ్మలు పెట్టడం, ఏళ్ళ తరబడి ఇదే కాలక్షేపం. ఈ బోర్డులో ఒకటి కాదు, రెండు దొరికాయనుకున్నాను. పంక్చర్‌ని పంచర్ అని రాశాడు, అదొకటి. పైగా పంచర్లు 'వేస్తాడట'. మేకులు పట్టుకుని దారిలో నిలబడతాడా ఏమిటి! ఫోను తీసి ఫొటో కొట్టాను. పంపబోయి ఆగాను.

ఆగింది మంచితనంతో కాదు. ఆ వారంలోనే నేనూ ఒక మాట దగ్గర నవ్వులపాలయ్యాను, ఆ మంట ఇంకా చల్లారలేదు. ఆ సంగతి తర్వాత. ముందు పంచర్.

నా బండి పాతది, ఇంకా ట్యూబు టైరే. పంచర్లు వేసే ఆయన చక్రం విప్పి, రెండు రాడ్లు దూర్చి, టైరు అంచుని పైకి లేపి, ట్యూబుని పేగులాగా బయటికి లాగాడు. గాలి కొట్టి, ఉబ్బిన ట్యూబుని నల్లటి నీళ్ళున్న బేసిన్‌లో ముంచుతూ, కొంచెం కొంచెంగా తిప్పుతూ పోయాడు. ఒకచోట ఆవగింజలంత బుడగలు వరసకట్టి పైకొచ్చాయి. అక్కడ బొటనవేలు అదిమిపెట్టి, బయటికి తీసి గుడ్డతో తుడిచి, చెవి మీదున్న బాల్‌పాయింట్ పెన్నుతో చిల్లు పక్కనే ఒక చుక్క పెట్టాడు.

"మేకు గుచ్చుకున్నది మేడం. ఒకటే పంచర్. ఏస్త, జర కూసోండ్రి."

ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఆ చుక్కనే చూస్తున్నాను. చిల్లు, దాని పక్కన చుక్క. లాటిన్‌లో ఆ రెంటికీ మాట ఒకటే.

పుంగెరె అంటే గుచ్చడం, పొడవడం. తేలు కుట్టినా అదే క్రియ. దాని నుంచి పుట్టిన పుంక్తుం అంటే గుచ్చిన చోటు. మొనతో గుచ్చితే ఏం మిగులుతుంది, చిన్న గుర్తు. రోమన్లు మైనపు పలకల మీద మొన ఉన్న పుల్లతో రాసేవాళ్ళు కాబట్టి వాళ్ళకి చుక్క పెట్టడమంటే నిజంగా పొడవడమే. అలా పుంక్తుం అన్నది చుక్కకీ, బిందువుకీ, ఆ తర్వాత చర్చలో లేవనెత్తే అంశానికీ పేరైంది. ఇంగ్లీషు వాళ్ళ పాయింటు అదే. ఆయన చెవి మీది పెన్ను పేరులో ఉన్న పాయింటూ అదే. అదే క్రియ నుంచి వచ్చిన పుంక్తూరా అంటే పోటు. అదే పంక్చర్.

ఈ పంక్చర్ 14వ శతాబ్దం నాటికే ఇంగ్లీషులోకి వచ్చింది, వైద్యుల మాటగా. ఒంటికి పడే పోటు, సూదో ముల్లో దిగిన గాయం. గాలి పోవడానికీ దానికీ సంబంధం లేదు, ఎందుకంటే గాలి నింపిన టైరే లేదు. 1845లో థాంసన్ అనే స్కాట్లాండ్ ఇంజనీరు గాలి చక్రానికి పేటెంటు తీసుకున్నాడు గానీ అది సాగలేదు. బెల్‌ఫాస్ట్‌లో పశువుల డాక్టరుగా ఉన్న డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గిద్దామని రబ్బరు గొట్టంలో గాలి నింపి చూశాడు, 1888లో పేటెంటు తీసుకున్నాడు. అప్పుడు నిలబడింది గాలి టైరు. అంటే ఈ మాట నాలుగైదు వందల ఏళ్ళు చర్మం మీదే బతికి, ఆ తర్వాతే రబ్బరు మీదికి మారింది. పశువుల డాక్టరు చేతుల మీదుగా మారడం నాకు భలే నచ్చింది.

ఇక అసలు గొడవకి వస్తాను. పంచర్ తప్పా?

తప్పని ఎందుకనుకుంటున్నాం? మధ్యలో 'క్' పోయిందని. సరే, లాటిన్ పుంక్తుం ఇటలీ జనం నోట్లో పడి ఏమైంది? పుంతో. 'క్' పోయింది. పుంక్తూరా ఏమైంది? పుంతూరా. ఇవాళ ఇటలీలో డాక్టరు వేసే ఇంజెక్షన్‌ని పుంతూరా అంటారు, దోమ కాటునీ పుంతూరా అంటారు. స్పెయిన్‌లోనూ చుక్కని పుంతో అనే అంటారు. సాంక్తుస్ అన్న మాట సాంతో అయింది. ముక్కుతో పలికే హల్లు తర్వాత 'క్', దాని వెంటనే 'త్' అంటే నాలిక తిరగదు, మధ్యది జారిపోతుంది. ముక్కు హల్లు లేనిచోట 'క్' ఊరికే పోదు, పక్కదాన్ని ఒత్తి పోతుంది. లాటిన్‌లో ఎనిమిదిని ఓక్తో అనేవాళ్ళు, ఇటలీలో ఒత్తో అయింది. రాత్రిని నోక్తెం అనేవాళ్ళు, నొత్తె అయింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. పిక్చర్‌ని మా ఊళ్ళో పిచ్చర్ అంటారు. లెక్చరర్‌ని లెచ్చరర్ అంటారు. 'క్' పోయి 'చ' కి ఒత్తొచ్చింది. మరి పంక్చర్‌ని పంచ్చర్ అనరే? ముందు సున్నా ఉంది కాబట్టి. సున్నా తర్వాత ఒత్తు నిలవదు, అందుకని 'క్' అలా జారిపోయి పంచర్ అయింది. ఓక్తో ఒత్తో అయినట్టే పిక్చర్ పిచ్చర్ అయింది, పుంక్తుం పుంతో అయినట్టే పంక్చర్ పంచర్ అయింది. బడి మొహం చూడని నోరు కూడా ఈ సూత్రం తప్పదు. బద్ధకమైతే ఇంత క్రమం ఉండదు కదా.

అసలు ఇటలీ దాకా పోనక్కర్లేదు. ఏడో తరగతిలో మనందరం బట్టీపట్టాం. భక్తి - బత్తి. పుస్తకం - పొత్తం. ఆశ్చర్యం - అచ్చెరువు. ఎడమ పక్కది ప్రకృతి, కుడి పక్కది వికృతి. పొత్తం అని రాస్తే అబ్బ, ఎంత అచ్చమైన తెలుగు అని మెచ్చుకుంటాం. అచ్చెరువు అని రాస్తే కవి అంటాం. వెయ్యేళ్ళ కిందట జనం నోట్లో అరిగిన మాట కావ్యం, నిన్న అరిగిన మాట కామెడీ. పంక్చర్ ప్రకృతి, పంచర్ వికృతి అని ఏ మాస్టారూ చెప్పలేదు కాబట్టి అది వాట్సాప్‌లో నవ్వుకోడానికి పనికొచ్చింది.

ఇంకో మాట. పుంక్తూరాలో ఉన్న 'తూ' ని 'చ' చేసిందెవరు? ఇంగ్లీషు వాళ్ళు. 'త్' అనలేక 'చ్' అన్నారు, దాన్ని నిఘంటువులో ఎక్కించారు, మనకి అదే ఒప్పని నేర్పారు. వాళ్ళు 'తూ' ని పాడుచేస్తే ఉచ్చారణ, మనవాడు 'క్' ని వదిలేస్తే నిరక్షరాస్యత!

ఇప్పుడు నా పరాభవం చెప్తాను. ఒక కంపెనీ ప్రకటనలకి తెలుగు చేస్తున్నాను. మంగళవారం వీడియో కాల్. స్క్రిప్టు మీద చర్చలో, ఇక్కడ భావం బాగుంది, చాలా పాయిగ్నెంట్‌గా ఉంది అన్నాను, మనసుకి గుచ్చుకునేలా ఉందన్న అర్థంలో. ఒక్క క్షణం నిశ్శబ్దం. ఆ తర్వాత కాల్‌లో ఉన్న ఒకమ్మాయి, నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, మర్యాదగానే, "పాయిన్యంట్ అంటారండీ, జీ పలకదు" అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మిగతా గంటసేపు నేను మైకు ఆపేసుకునే కూర్చున్నాను. పుస్తకాల్లో ముప్ఫై ఏళ్ళుగా కంటితో చూస్తున్న మాట, చెవితో ఒక్కసారీ విన్న పాపాన పోలేదు. తెలుగు మీడియం వాళ్ళకి ఇలాంటివి జేబునిండా ఉంటాయి.

ఆ రాత్రి కచ్చకొద్దీ ఆ మాట పుట్టుపూర్వోత్తరాలు తవ్వాను. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న లావుపాటి నిఘంటువు ఒకటి ఉంది నా దగ్గర, అట్ట ఊడిపోయింది. చూస్తే ఇదీ పుంగెరె పిల్లే! గుచ్చే అన్న అర్థమున్న పుంగెంతెం నుంచి నేరుగా వచ్చింది పంజెంట్, ముక్కుని పొడిచే ఘాటు. ఫ్రాన్స్ మీదుగా చుట్టు తిరిగి వచ్చింది పాయిన్యంట్. దారిలో ఫ్రెంచి వాళ్ళు 'గ' ని నమిలి 'ఞ' చేశారు. లాటిన్‌లో ఆ 'గ' నిక్షేపంగా పలికేది. అంటే నేను చేసిన తప్పు, ఫ్రెంచి వాళ్ళు మింగేసిన అక్షరాన్ని పైకి అనడం. పంచర్ అన్నాయన చేసింది ఒక అక్షరాన్ని మింగడం. ఒకరు మింగినందుకు తప్పు, ఒకరు మింగనందుకు తప్పు. ఏది మింగాలో ఏది మింగకూడదో చెప్పే హక్కు మాత్రం ఎప్పుడూ మూడోవాళ్ళదే.

పాయిన్యంట్ మొదట్లో మనసుకి సంబంధించిన మాట కూడా కాదు. 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ దాన్ని వాడింది వంటకి. సాస్ నాలుక్కి చురుక్కుమనేలా లేకపోతే ఒక తిండిపోతు జమీందారు వంటవాడి పని పట్టేవాడట. ఆ లెక్కన మన మిర్చీకా సాలన్ అసలు సిసలు పాయిన్యంట్.

అన్నట్టు, ఈ మాటకి తెలుగు పత్రికల్లో పడే అనువాదం మీద నాకు పాత కక్ష ఉంది. పాయిన్యంట్ కనబడగానే హృదయవిదారకం అని రాసేస్తారు. విదారకం అంటే చీల్చేది. బస్సు లోయలో పడిన వార్తకి ఆ మాట సరిపోతుంది. పాయిన్యంట్ అంత పని చేయదు. అమ్మ పోయిన రెండు నెలలకి వంటింట్లో క్యాలెండర్ తీసేద్దామని చూస్తే, పాల ప్యాకెట్ల లెక్క కోసం ఆవిడ రోజుకొకటి పెట్టిన పెన్ను చుక్కలు ఏప్రిల్ 17 దగ్గర ఆగిపోయి ఉన్నాయి. నేను ఏడవలేదు. క్యాలెండర్‌ని మళ్ళీ మేకుకే తగిలించాను. దీన్ని హృదయవిదారకం అంటే అబద్ధం. కలుక్కుమంది అంటే నిజం. ముల్లు దిగినప్పుడూ కలుక్కుమంటుంది, మనసూ కలుక్కుమంటుంది. ఇంత మంచి మాట ఇంట్లో పెట్టుకుని సంస్కృతం వెంట ఎందుకు పరిగెడతామో.

ఆ నిఘంటువులో ఆ రాత్రి కనిపించిన ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. పుంగెరె ఫ్రెంచిలో ప్వాంద్ర్ అయింది. గుచ్చడమన్న పాత అర్థం దాదాపు అరిగిపోయి, ఇప్పుడు ముఖ్యంగా తెల్లవారడానికి వాడతారు. మొలక నేలని పొడుచుకు రావడానికీ వాడతారు. తెల్లవారుజాముని వాళ్ళు పగటి ప్వాం అంటారు. ఎక్కడో విన్నట్టు లేదూ? పొద్దు పొడిచింది. మనమూ పొద్దుకి పొడవడం అన్న మాటే వాడతాం. వాళ్ళూ మనమూ ఎక్కడా కలుసుకుని మాట్లాడుకోలేదు. తూర్పున సన్నటి మొనలాగా వెలుగు రావడం వాళ్ళూ చూశారు, మనమూ చూశాం. మనం ఆ క్రియనే పచ్చబొట్టుకీ వాడాం, కోడిపుంజుకీ వాడాం. దాని పోటుని గుండెకీ పంటికీ తలకీ అంటగట్టాం. అత్తగారి సూటిపోటి మాటల్లో సగం అదే. లాటిన్ ముందు తెలుగేమీ తక్కువ తినలేదని నాకు ఆ పేజీ దగ్గర గట్టిగా అనిపించింది.

ఈ కుటుంబంలో మిగతావాళ్ళని కూడా పలకరించి పోదాం. చెప్పిన చుక్క మీద, అంటే చెప్పిన వేళకి వచ్చేవాడు పంక్చువల్. హైదరాబాద్ ట్రాఫిక్‌లో ఆ మాట గురించి ఎక్కువ మాట్లాడుకోకపోవడం మేలు. వాక్యంలో చుక్కలు పెట్టడం పంక్చువేషన్. సూదులతో గుచ్చే చైనా వైద్యానికి ఆక్యుపంక్చర్ అని లాటిన్ పేరు పెట్టింది టెన్ రైన్ అనే డచ్చి వైద్యుడు, 1683లో లండన్‌లో అచ్చయిన పుస్తకంలో. చైనా వాళ్ళు తమ వైద్యాన్ని ఎప్పుడూ ఆ పేరుతో పిలుచుకోలేదు.

ఎక్స్‌పంజ్ దగ్గర మాత్రం ఆగాలి, అది నా వృత్తి కాబట్టి. అసెంబ్లీలో ఎవరైనా నోరు జారితే స్పీకర్ రికార్డుల నుంచి తొలగిస్తున్నాం అంటారే, ఇంగ్లీషులో ఆ పని పేరు అదే. పుంగెరెకి ముందు 'ఎక్స్' చేర్చిన మాట, గుర్తు పెట్టి బయటికి తోసేయడం. పాతకాలపు రాయసగాళ్ళు తోలు కాగితం మీద ఒక అక్షరం తప్పు రాస్తే కొట్టేసి పేజీ ఖరాబు చేసేవాళ్ళు కాదు. ఆ అక్షరం కింద చిన్న చుక్క పెట్టేవాళ్ళు. చుక్క ఉందంటే దాన్ని చదవొద్దని అర్థం. సరే, ఇవాళ ఇంగ్లీషు ప్రూఫుల్లో పొరపాటున కొట్టేసిన మాటని తిరిగి ఉంచమని చెప్పాలంటే నేనేం చేస్తాను? దాని కింద చుక్కలు పెడతాను. చుక్క అదే, చోటూ అదే. అప్పుడు తీసెయ్ అని, ఇప్పుడు ఉంచెయ్ అని.

ఇది గుర్తొచ్చాక బోర్డులోని రెండో 'తప్పు' కూడా నా చేతిలోంచి జారిపోయింది. పంచర్ పడింది అంటే చిల్లు పడింది. పంచర్ వేయించాను అంటే చిల్లు మూయించాను. చిల్లుకీ అతుకుకీ ఒకటే మాట. ఎక్కడి అర్థం ఎక్కడికి పోయింది, ఇది మరీ దారుణం కదా అనిపిస్తుంది. పక్కనే ఆటో ఆపిన ఒకాయన "భాయ్, పంచర్ బనాతే?" అని అడిగాడు. ఉర్దూలో కూడా పంచర్‌ని 'తయారు' చేస్తారు మరి. కానీ తేలు కుట్టింది అంటాం. చెవులు కుట్టించాం అంటాం. అక్కడ కుట్టడమంటే చిల్లు చేయడం. జాకెట్ కుట్టించాం, గాయానికి కుట్లు వేశారు అంటాం. అక్కడ కుట్టడమంటే కలపడం, మూయడం. మా అమ్మాయికి చెవులు కుట్టించిన నెలలోనే అది గడప తట్టుకుని పడితే నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి. రెండుసార్లూ ఒకటే క్రియ వాడాను, ఏ తేడా తెలియలేదు. సూది ఉన్నచోట పొడవడం, మూయడం ఒకే పని. తెలుగువాడి బుర్రలో కుట్టుకి ఉన్న ఆ అల్మరాలోనే పంచర్ వెళ్ళి కూర్చుంది. వేసేది అతుకే, కానీ అడిగేది పంచర్.

ఇదంతా మా అమ్మాయికి చెబితే, "అయితే నేను డిక్టేషన్‌లో పంచర్ అని రాస్తే మార్కులేస్తారా?" అంది. వేయరు. వేయకూడదు కూడా. ఇంగ్లీషు డిక్టేషన్‌లో ఇంగ్లీషు వాళ్ళ లెక్క ప్రకారం రాయాలి, ఆ ఇంట్లో ఆ చెప్పులు. నేను రేపు ప్రూఫుల్లో ఒక మెడికల్ వ్యాసం వస్తే పంక్చర్ అనే దిద్దుతాను, డబ్బులూ తీసుకుంటాను. నేను ఒప్పుకోనిది వేరే. అత్తాపూర్‌లో వేపచెట్టు కింద తెలుగు అక్షరాల్లో, తెలుగు వాక్యంలో, 'ఇచ్చట', 'వేయబడును' అన్న రెండు మాటల మధ్య కూర్చున్నది ఇంగ్లీషు మాట కాదు. దాన్ని ఇంగ్లీషు బెత్తంతో కొట్టే అధికారం నాకు లేదు. నిజంగా ఆ బోర్డులో ఎబ్బెట్టుగా ఉన్నదేదైనా ఉంటే అది 'వేయబడును'. ఆ చెట్టు కింద ఎవరూ అలా మాట్లాడరు. దానికి మాత్రం నా ఫ్రెండ్స్ ఎవరూ నవ్వి ఉండేవాళ్ళు కారు.

చక్రం బిగించడం అయిపోయింది. 100 రూపాయలు ఇచ్చాను.

"బోర్డు ఫొటో తీసిన్రు గదా మేడం" అన్నాడు ఆయన, చిల్లర తీస్తూ. చూడలేదనుకున్నాను. "కింద ఇంగ్లీషుల గూడ రాపియ్యాలె. ఐటీ పిల్లలు వస్తున్నరు. ఇంగ్లీషుల ఎట్ల రాస్తరు?"

అదే బాల్‌పాయింట్ పెన్ను అందుకుని, ఆయన చూపించిన అట్టముక్క మీద రాసిచ్చాను. పి, యు, ఎన్, సి, టి, యు, ఆర్, ఈ. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని ఒకసారి, దగ్గరికి తెచ్చుకుని ఒకసారి చూశాడు.

"నడిమిట్ల ఈ సి ఎందుకు మేడం?"

రోమన్ల నుంచి మొదలుపెట్టబోయాను. ఆయన అప్పటికే ముందు టైరుని బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు.

"దీంట్ల గూడ గాలి తక్కువున్నది. కొట్టమంటరా?"